విశాఖ స్టీల్: ఫర్నేస్ ఆపితే మళ్ల వెలిగియ్యడానికి అంత తతంగం ఎందుకు?

బోడుప్పల్_రాజు
ఇల్లు స్టార్ట్ చేసినం. స్లాబ్‌కు వైజాగ్ టీఎంటీయే వాడాలని మా నాయిన పట్టు. డీలర్‌ను అడిగితే 16 ఎంఎం లేదు, ఎప్పుడొస్తదో తెల్వదు, "ఫర్నేసులు ఆపిండ్రు కద సార్" అని పాత కథ చెప్పుకుంట ఏదో లోకల్ బ్రాండ్ అంటగట్టబోతున్నడు. డీలర్ సంగతి తర్వాత చూస్త గని నాకు అర్థం కానిది ఒకటుంది. 2024 సెప్టెంబర్‌ల మూడు ఫర్నేసులల్ల ఒక్కటే నడిచిందని పేపర్ల చదివిన. సరే, పైసల్లేక ఆపిండ్రు అనుకుందాం. పైసలొచ్చినంక మళ్ల ఆన్ చేసుడే కద? దానికి నెలలకు నెలలు గడువులు, ప్రకటనలు ఎందుకు? తెలిసినోళ్లు చెప్పుండ్రి.

చాయ్_బిస్కెట్
స్విచ్ ఎక్కడ పెట్టిండ్రో మర్చిపోయినట్టున్నరు అన్న

నిజాంపేట్_తాతగారు
రాజూ, నేను బ్లాస్ట్ ఫర్నేస్ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరైన వాణ్ని, ఇప్పుడు నిజాంపేటలో కొడుకు దగ్గరుంటున్నాను. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపికుంటే చదువు.

బ్లాస్ట్ ఫర్నేస్‌కి ఆన్, ఆఫ్ అనేవి ఉండవు బాబూ. ఒకసారి వెలిగించామంటే పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో రాత్రీ పగలూ నడవాల్సిందే, సంక్రాంతి లేదు, బంద్ లేదు. పైనుంచి సింటర్ (పొడి ఖనిజాన్ని కాల్చి కట్టించిన గడ్డలు), ముడి ఖనిజం, కోక్ (బొగ్గుని గాలి తగలకుండా కాల్చి చేసేది) పొరలు పొరలుగా పడుతూనే ఉండాలి, కింద చుట్టూ ఉన్న ట్వీయర్లనే గొట్టాల నుంచి వెయ్యి డిగ్రీలు దాటిన వేడిగాలి కొడుతూనే ఉండాలి. కరిగిన ఇనుము అడుగుకి దిగుతుంది. ట్యాప్ హోల్‌ని డ్రిల్ చేసి వదుల్తాం, అయిపోయాక మడ్ గన్‌తో మట్టి కొట్టి మూస్తాం, మళ్ళీ డ్రిల్, మళ్ళీ మట్టి, రోజంతా ఇదే పని. ఆ ఇనుము టార్పెడో లాడిల్ బళ్ళలో ఎస్‌ఎంఎస్‌కి, అంటే స్టీల్ మెల్టింగ్ షాప్‌కి పోతుంది, అక్కడ కన్వర్టర్‌లో ఆక్సిజన్ ఊది స్టీలు చేస్తారు.

ఇప్పుడు ఆపాలి అనుకో. కొద్ది రోజులకే అయితే బ్యాంకింగ్ చేస్తాం. కోక్ ఎక్కువేసి, గాలి ఆపి, ట్వీయర్లన్నీ మట్టితో పూడ్చేస్తాం, ఎక్కడా గాలి చొరబడకూడదు. లోపలి వేడి కొన్నాళ్ళు నిలుస్తుంది. నెలలు దాటిందంటే మాత్రం అడుగున మిగిలిన ఇనుము గడ్డ కట్టుకుపోతుంది. సాలమాండర్ అంటాం దాన్ని. వందల టన్నుల దిమ్మ. దాన్ని ఆక్సిజన్ లాన్సులతో (ఆక్సిజన్ ఊదే గొట్టాలతో) కోయాలి, లొంగకపోతే పేలుడు మందు పెట్టాలి. అందుకే పెద్ద ఆపుడు ముందే తెలిస్తే అడుగునంటా డ్రిల్ చేసి ఉన్నదంతా కక్కిస్తాం.

మళ్ళీ వెలిగించడం ఇంకో ఎత్తు. ముందు ఇటుక ఆరాలి, అదీ మెల్లగా. తర్వాత కోక్ నింపాలి, గాలి కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. మొదటి ట్యాపింగ్ రోజున డిపార్ట్‌మెంట్ మొత్తం క్యాస్ట్ హౌస్‌లోనే ఉంటుంది. డ్రిల్ పెడితే ఏమీ రాదు, లాన్స్ పెట్టి గంటలు గంటలు కాలుస్తాం, ముందు పాకంలా జిగురుగా స్లాగ్ (ఖనిజంలోని మడ్డి) వస్తుంది, అది రన్నర్ కాలవలోనే గడ్డ కడుతుంది, మనోళ్ళు గడ్డపారలతో పొడుస్తారు, ఆ తర్వాత ఎప్పటికో ఇనుము పారుతుంది. దాన్ని చూశాక కొబ్బరికాయ కొడతాం. మామూలు ఉత్పత్తికి రావాలంటే ఇంకా వారాలు.

చాయ్_బిస్కెట్
తాతగారూ స్విచ్ జోక్ వాపస్ తీసుకుంటున్న 🙏

మెటలర్జీ_సత్తి
తాతగారు చెప్పింది కరెక్టే, కానీ ఫర్నేస్‌నన్నా ఆపొచ్చు, అసలు ఆపకూడనిది కోక్ ఓవెన్. ఆ గోడలు సిలికా ఇటుకలు. వేడిగా ఉన్నంతకాలం రాయిలా ఉంటాయి, చల్లారితే ఇటుక సైజు మారిపోయి గోడ పగుళ్ళిచ్చేస్తుంది, ఇక అతుకులు వేసుకుంటూ కూర్చోవాలి. వైజాగ్‌లో ఓవెన్లు 7 మీటర్ల ఎత్తువి, దేశంలో ఆ సైజు మొదట పెట్టింది వాళ్ళే. కోక్ అక్కర్లేకపోయినా వాటిని వేడి మీద ఉంచాలి, ఒక్కో ఓవెన్‌లో బొగ్గుని మామూలు కంటే ఎక్కువసేపు ఉడకబెడుతూ స్లోగా తోసుకుంటూ పోవాలి.

ఇంకో విషయం, బయట చాలామందికి తెలీదు. ఎర్రగా బయటికొచ్చిన కోక్‌ని చాలా చోట్ల నీళ్ళు కొట్టి ఆర్పుతారు, ఆవిరంతా ఆకాశానికి పోతుంది. వైజాగ్‌లో మొదట్నుంచీ డ్రై క్వెంచింగ్. మూసిన గదిలో నైట్రోజన్ తిప్పి చల్లారుస్తారు, ఆ వేడితో స్టీమ్, స్టీమ్‌తో కరెంటు. ఇది కూడా ఇండియాలో మొదట అక్కడే. ఓవెన్ల గ్యాస్, ఫర్నేస్ గ్యాస్ కూడా పారేయరు, ఫర్నేస్ గాలిని వేడిచేసే స్టవ్‌లకి, పవర్ ప్లాంట్‌కి, రోలింగ్ మిల్లుల్లో బిల్లెట్లు (రాడ్లుగా సాగదీసే స్టీలు దిమ్మలు) కాల్చడానికి అదే ఇంధనం. కాబట్టి రెండు ఫర్నేసులు ఆగితే ఆగింది రెండు ఫర్నేసులే కాదు. గ్యాస్ తగ్గుద్ది, సొంత కరెంటు తగ్గుద్ది, బయట కరెంటు కొనాలి.

సైలెంట్_రీడర్
ఇన్ని కష్టాలున్నాయని తెలిసీ మరి ఎందుకాపారు?

లెక్కలోడు
బొగ్గు లేక. బొగ్గు ఎందుకు లేదంటే డబ్బు లేక. కోకింగ్ కోల్, అంటే కోక్ చేసే బొగ్గు, మన దేశంలో పనికొచ్చేది తక్కువ, ఎక్కువ ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో రావాలి, ముందు పైసలు కడితేనే ఓడ కదుల్తది. ఇక లెక్కలు చూడండి. 2022-23లో నష్టం దాదాపు 2,859 కోట్లు, 2023-24లో దాదాపు 4,849 కోట్లు. కెపాసిటీ ఏమో ఏడాదికి 73 లక్షల టన్నులు. వడ్డీ, జీతాలు, మెయింటెనెన్స్ అన్నీ ఆ 73 లక్షల సైజుకే, తయారీ మాత్రం ఫర్నేసులు ఎన్ని నడిస్తే అంత. వెయ్యి మందికి ఫంక్షన్ హాల్ బుక్ చేసి మూడొందల మందికి భోజనం పెట్టినట్టు, ప్లేటు రేటు ఎంత పడుద్దో మీరే చెప్పండి.

2025 జనవరి 17న కేంద్రం ఇచ్చిన 11,440 కోట్ల ప్యాకేజీలో 10,300 కోట్లు ఈక్విటీ, మిగతా 1,140 కోట్లు పాత వర్కింగ్ క్యాపిటల్ లోన్‌ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చడం. జనవరిలో రెండు ఫర్నేసులు, ఆగస్టుకి మూడూ అని ఆ ప్రకటనలోనే రాశారు. రాజుగారు అడిగిన గడువులు అవే.

జై_అమీర్‌పేట్
అసలు జబ్బు ఎవరూ చెప్పట్లేదు. సొంత గని లేదు!! సెయిల్‌కి ఉంది, టాటాకి ఉంది, ఒక్క వైజాగ్ మాత్రం మార్కెట్ రేటుకి కొనుక్కోవాలి. గని ఇచ్చి ఉంటే ఈ రోజు ఎవడూ దాని వంక కన్నెత్తి చూసేవాడు కాదు.

లెక్కలోడు
@జై_అమీర్‌పేట్ ఈ మాట ప్రతి చర్చలో వస్తది. గని ఉంటే మంచిదే, కాదనను. కానీ జేఎస్‌డబ్ల్యూ కంపెనీ కర్ణాటకలోని తోరణగల్లులో ఏళ్ళ తరబడి సొంత గని లేకుండానే నడిపింది, లాభాలు కూడా చూసింది. అదేమంటారు?

జై_అమీర్‌పేట్
తోరణగల్లుకి బళ్ళారి గనులు పక్క వీధిలో ఉంటాయి గురూ. వైజాగ్‌కి ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస–కిరండూల్ లైన్ మీద ఘాట్లు దిగి రావాలి. రైలు కిరాయి నువ్వు కడతావా

నిజాంపేట్_తాతగారు
ఇద్దరి మాటలోనూ సగం సగం ఉంది. ఆ లైను వేసిందే బైలదిల్లా ఖనిజాన్ని వైజాగ్ పోర్టు నుంచి జపాన్‌కి పంపడానికి, మా ప్లాంటుకి కాదు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించారు, 71 జనవరిలో శంకుస్థాపన, మొదటి ఫర్నేస్ గోదావరి వెలిగింది 1990లో. ఇరవయ్యేళ్ళు! ఈ లోగా ధరలు పెరిగాయి, అప్పు పెరిగింది. పుట్టుకతోనే అప్పుతో పుట్టింది ప్లాంటు. అయినా గని లేకుండానే 2002 నుంచి వరసగా లాభాలు చూశాం, 2007-08లో నికర లాభం 1,900 కోట్లు దాటింది, అప్పు మొత్తం తీర్చేశాం కూడా. 2021-22లో కూడా 900 కోట్ల పైన లాభమే. కాబట్టి గని ఒక్కటే కారణం అంటే నేను ఒప్పుకోను.

జై_అమీర్‌పేట్
అవి స్టీలు రేట్లు ఆకాశంలో ఉన్న సంవత్సరాలు సార్. ఆ టైంలో ఎవడికి లాభం రాలేదు? రేట్లు పడ్డప్పుడే కదా గని విలువ తెలిసేది.

మెటలర్జీ_సత్తి
గని కోసం ట్రై చెయ్యలేదని కాదు. 2011లో ఈస్టర్న్ ఇన్వెస్ట్‌మెంట్స్‌లో మెజారిటీ వాటా తీసుకున్నారు, దాని కిందే ఒడిశాలో గనులున్న ఓఎండీసీ అనే కంపెనీ వచ్చింది. గనులు దొరికాయనుకుంటే లీజులు అయిపోయి అవి మూతబడి కూర్చున్నాయి. పెళ్ళి అయింది గానీ పిల్ల కాపురానికి రాలేదు.

మానుకోట_పోరడు
మా బయ్యారం గురించి ఒక్కరు గూడ మాట్లాడరేంది? 2013ల మా ఖనిజం తీస్కపోయి వైజాగ్‌కు రాసిచ్చిండ్రు, అప్పుడు ఎంత లొల్లి అయిందో హైదరాబాద్‌ల ఉన్నోళ్లకు యాదికే ఉంటది. తర్వాత 2014 విభజన చట్టంల ఖమ్మం జిల్లాల స్టీల్ ప్లాంట్ పెట్టొచ్చా లేదా ఆరు నెలలల్ల చూడుమని సెయిల్‌కు చెప్పిండ్రు. ఆరు నెలలు ఇంక అయితలేవు. బయ్యారం ఉన్న జిల్లానే మారిపోయింది, ఇప్పుడు మహబూబాబాద్.

చాయ్_బిస్కెట్
ఆరు నెలలంటే ఫర్నేస్ లెక్కల ఆరు నెలలు అన్న, మెల్లగ వేడెక్కుతది

మెటలర్జీ_సత్తి
@మానుకోట_పోరడు తమ్ముడూ కోపం రాకపోతే చెప్తా. బయ్యారం ఖనిజంలో ఇనుము శాతం తక్కువ, బైలదిల్లాతో పోలికే లేదు. దాన్ని కడిగి, గ్రేడ్ పెంచి వాడాలి, ఆ ఖర్చు మీద ఇంటిగ్రేటెడ్ ప్లాంటు గిట్టుబాటు కావడం కష్టం.

మానుకోట_పోరడు
గ్రేడ్ తక్కువ అయితే వైజాగ్‌కు ఎందుకు కేటాయించిండ్రు మరి? వాళ్లకు పనికొచ్చేది మాకు పనికిరాదా? జర ఇది చెప్పు

మెటలర్జీ_సత్తి
అది మాత్రం న్యాయమైన ప్రశ్నే. ఉన్న ప్లాంటుకి కొంత కలుపుకోవడం వేరు, దాని మీదే కొత్త ప్లాంటు కట్టడం వేరు అని అంటారు. నీకు నచ్చదని తెలుసు.

సెక్టార్6_అమ్మాయి
ఇప్పుడు గచ్చిబౌలిలో ఉద్యోగం కానీ నేను పుట్టి పెరిగింది ప్లాంటు వాళ్ళ టౌన్‌షిప్ ఉక్కునగరంలో. మా ఇంట్లో గడియారం కంటే షిఫ్టులే టైము. నాన్నకి సి-షిఫ్ట్ అయితే పొద్దున్న ఆయన వచ్చి పడుకునేసరికి మేం గిన్నె చప్పుడు కూడా చెయ్యకూడదు, కుక్కర్ పెట్టాలన్నా అమ్మ వంటింటి తలుపు వేసుకునేది. ఎస్‌ఎంఎస్‌లో చేసేవారు. షర్టుల మీద చిన్న చిన్న కాలిన చిల్లులు, కొత్త షర్టు కొంటే డ్యూటీకి వేసుకోనిచ్చేది కాదు అమ్మ. ఇక్కడ మా ఆఫీసులో ఎవరో "ప్రభుత్వ కంపెనీ, అందరూ కూర్చుని తింటారు" అంటే ఒళ్ళు మండింది. 2021 ఏప్రిల్‌లో కరోనా సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కించి మహారాష్ట్రకి పంపింది ఎక్కణ్ణుంచో ఒకసారి చూసుకోండి అని చెప్పొచ్చాను. దేశంలో మొదటి లోడు ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ అక్కణ్ణుంచే కదిలింది.

లెక్కలోడు
ఆక్సిజన్ పంపడం గొప్పే చెల్లీ, అందులో డౌట్ లేదు. కానీ దానితో బ్యాలెన్స్ షీట్ మారదు కదా. మంచితనం, నష్టం రెండూ ఒకే కంపెనీలో ఉండొచ్చు.

సెక్టార్6_అమ్మాయి
మీకు చెల్లినెప్పుడయ్యానో తెలీదు గానీ, నేను మాట్లాడింది బ్యాలెన్స్ షీట్ గురించి కాదు, కూర్చుని తింటారన్న మాట గురించి.

చాయ్_బిస్కెట్
లెక్కలోడు అవుట్ 😂

అగనంపూడి_బుజ్జి
ఉక్కునగరం కబుర్లు బానే ఉన్నాయి. ప్లాంటు కింద 64 ఊళ్ళు పోయాయి, మా మేనత్త వాళ్ళ ఊరు అందులో ఒకటి. జీడితోటలు, తాటిచెట్లు ఉండేవంట, ఇప్పుడక్కడ ఏ షెడ్డుందో కూడా చెప్పలేం. భూమిచ్చిన ఇంటికి ఆర్ కార్డు అని ఇచ్చారు, కార్డుంటే ఉద్యోగం అని. వచ్చినవాళ్ళకి వచ్చాయి, రానివాళ్ళు ఇప్పటికీ వేలల్లో ఉన్నారు, కొన్ని ఇళ్ళలో కార్డు తాత పేరు మీదుంటే మనవడికి పెళ్ళీడొచ్చీసింది. 2021 జనవరిలో కేబినెట్ వాటా మొత్తం అమ్మేస్తామని ఓకే అన్నప్పుడు అందరూ 66 విశాఖ ఉక్కు ఉద్యమంలో చచ్చిపోయిన 32 మంది గురించి మాట్లాడారు, మాట్లాడాలి కూడా. ఈ 64 ఊళ్ళ గురించి ఎవడికీ గుర్తు రాలేదు.

సైలెంట్_రీడర్
ఇది నాకు నిజంగా తెలీదు. థాంక్స్ బుజ్జి గారు

జీడిమెట్ల_ఫిట్టర్
నేను అక్కడ కాంట్రాక్ట్ కింద కన్వేయర్ మెయింటెనెన్స్ చేసీవోణ్ని. పోర్టు నుంచి బొగ్గు వచ్చే బెల్ట్ ఉంటాది కదా, దాని రోలర్లు మార్చడం మా గ్యాంగ్ పని. బెల్ట్ ఆగితే మా మీద అరుపులు, బెల్ట్ నడవకపోతే మాకు పని నేదు. కాంట్రాక్టర్ మారాడు, కొత్తోడి లిస్టులో మా పేర్లు నేవు, అంతే. ఇప్పుడు జీడిమెట్లలో కరెంటుతో కరిగించే ఇండక్షన్ ఫర్నేస్ కంపెనీలో చేస్తన్నాను. ఇక్కడ మాత్రం నిజంగానే స్విచ్ ఉంటాది, సాయంత్రం ఆపి పొద్దున్న వేస్తారు 😄 రాజన్నకి ఇది చూపించాలి.

బోడుప్పల్_రాజు
@జీడిమెట్ల_ఫిట్టర్ అన్న నువ్వే దొరికినవ్. గట్లైతే మా డీలర్ అంటగట్టే లోకల్ రాడ్ గీ ఇండక్షన్‌దే కద? వాడొచ్చా వద్దా?

జీడిమెట్ల_ఫిట్టర్
అన్నీ చెత్త అని చెప్పను, నేను తింటన్న అన్నం అదే. మేం స్పాంజ్ ఐరన్, స్క్రాప్ కరిగిస్తాం. ఏం వేస్తే అదే వస్తాది, గంధకం, భాస్వరం తియ్యడం ఇండక్షన్‌లో అంత సులువు కాదు. పక్కన రిఫైనింగ్ ఫర్నేస్ పెట్టుకున్నోళ్ళు కొంచెం నయం. ఎస్‌ఎంఎస్‌లో ఆక్సిజన్ ఊది భాస్వరాన్ని స్లాగ్‌లోకి లాగేస్తారు, తేడా అక్కడే. నువ్వు ఫె500డి గ్రేడ్ అని అడుగు, ఆ లాట్ టెస్ట్ సర్టిఫికెట్ అడుగు, అందులో సల్ఫర్ ఫాస్ఫరస్ ఒక్కోటి 0.040 శాతం దాటకూడదు, రెండూ కలిపి 0.075 దాటకూడదు.

ఇంకోటి, తూకం. 16 ఎంఎం 12 మీటర్ల రాడ్ 19 కిలోల దగ్గర తూగాలి, 12 ఎంఎం అయితే పదిన్నర పైన. కాటా దగ్గర నువ్వే నిలబడి పది రాడ్లు వేయించు. రాడ్ల లెక్కన కొంటే సన్నంగా లాగిన సరుకు నీ నెత్తిన పెడతారు, కనబడదు.

బోడుప్పల్_రాజు
తూకం మాట ఇంజనీర్ గూడ చెప్పలే. రేపు పోయి సర్టిఫికెట్ అడుగుత, మొహం ఎట్ల పెడతడో చూడాలె

గచ్చిబౌలి_గౌతమ్
ఇంతకీ అంత ఆలోచించకుండా ప్రైవేటుకి ఇచ్చేస్తే పోయేది కదా? టాటా చేతిలో పెట్టినవన్నీ బాగుపడుతున్నాయి. గవర్నమెంట్ స్టీల్ తయారు చెయ్యాల్సిన అవసరం ఏముంది ఈ రోజుల్లో

జై_అమీర్‌పేట్
వచ్చాడండీ. సుమారు ఇరవై వేల ఎకరాల భూమి, పక్కనే పోర్టు. ఎవడికి కావాల్సింది ఫర్నేస్ అంటావ్?

మాడరేటర్
పార్టీల పేర్లు, నాయకుల పేర్లతో తిట్లు మొదలైతే లాక్ చేస్తాను. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

లెక్కలోడు
@గచ్చిబౌలి_గౌతమ్ ఎవరి చేతిలో ఉన్నా మూడు సమస్యలు అలాగే ఉంటాయి. ఒకటి బొగ్గు, రెండు ఖనిజం, మూడోది ఎవరూ పట్టించుకోనిది, సరుకు. వైజాగ్ చేసేవి రాడ్లు, వైర్ రాడ్, యాంగిల్స్, చానెల్స్, రౌండ్లు. షీటు లేదు. కారుకి, ఫ్రిజ్‌కి, పైపుకి కావాల్సింది షీటు. రాడ్ల మార్కెట్లో జీడిమెట్ల, పటాన్‌చెరు, షాద్‌నగర్ మిల్లులతో పోటీ, వాళ్ళ ఖర్చు వేరు. 30 లక్షల టన్నుల నుంచి 63కి, తర్వాత 73కి పెంచినప్పుడు షీటు చేసే హాట్ స్ట్రిప్ మిల్ ఒక్కటి పెట్టి ఉంటే ఈ రోజు కథ వేరేలా ఉండేది. దాని బదులు రాయ్‌బరేలీ దగ్గర రైలు చక్రాల ఫ్యాక్టరీ పెట్టారు. చక్రాలు చెయ్యడం తప్పు కాదు, ఆ డబ్బు ఏ టైంలో ఎక్కడ పెట్టారన్నదే నా గొడవ.

నిజాంపేట్_తాతగారు
చక్రాల విషయంలో నాదీ అదే మాట. మీటింగుల్లో అడిగినవాళ్ళున్నారు, వినేవాళ్ళు లేరు. విస్తరణ మాత్రం అవసరమే, అన్నపూర్ణ ఫర్నేస్ 2012లో వెలిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. అదే ఏడాది జూన్ 13న ఎస్‌ఎంఎస్-2లో ఆక్సిజన్ స్టేషన్ ట్రయల్‌లో పేలుడు జరిగి 19 మంది పోయారు. ఇంజనీర్లు, పెద్ద హోదాలో ఉన్నవాళ్ళు, వాల్వుల దగ్గర స్వయంగా నిలబడి ట్రయల్ చూస్తున్నవాళ్ళు. కొత్తది మొదలుపెట్టేటప్పుడు, ఆపిందాన్ని తిరిగి మొదలుపెట్టేటప్పుడు ఎందుకంత నెమ్మది అని రాజు అడిగాడు కదా, ఆ ప్లాంటులో పనిచేసిన ఎవరైనా ఈ తేదీ చెప్తారు.

సెక్టార్6_అమ్మాయి
ఆ రాత్రి మా సెక్టార్‌లో ఎవరూ పడుకోలేదు తాతగారూ.

సైలెంట్_రీడర్
ఒక డౌట్. ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ కంపెనీ ఎన్‌ఎండీసీ ఆఫీసు మన మాసబ్ ట్యాంక్‌లోనే ఉంది కదా, వాళ్ళే నగర్నార్‌లో స్టీల్ ప్లాంట్ పెట్టారు. ఆ ప్లాంట్, వైజాగ్, ఖనిజం మూడూ కలిపేస్తే గొడవ వదుల్తది కదా?

మెటలర్జీ_సత్తి
టెక్నికల్‌గా బానే ఉంటుంది. నగర్నార్ జగదల్‌పూర్ పక్కనే, బైలదిల్లాకి దగ్గర, అక్కడ ఉన్నది హాట్ స్ట్రిప్ మిల్లే, అంటే షీటు. 30 లక్షల టన్నుల కెపాసిటీ, 2023లో మొదలైంది. వైజాగ్‌కి లేనిది వాళ్ళకుంది, వాళ్ళకి లేని పోర్టు వైజాగ్‌కుంది.

లెక్కలోడు
దాన్ని ఎన్‌ఎండీసీ నుంచి విడదీసి వేరే కంపెనీ చేసి ఆల్రెడీ లిస్ట్ చేశారు బాసూ, అదీ అమ్మకం లైన్లోనే ఉండేది. పైగా 2023-24లో దానికీ నష్టమే. రెండు నష్టాలు కలిపితే లాభం ఎట్లా వస్తుందో సత్తిగారు ఎక్సెల్ షీట్ పెడితే నేను కూడా చూస్తాను.

మెటలర్జీ_సత్తి
కొత్త ప్లాంటుకి మొదటి ఏడాది నష్టం కాక ఏమొస్తది సార్, ఫర్నేస్ సెట్ అవ్వడానికే టైం పడుతుంది, పైన తాతగారు అంత రాశారు. షీట్ పెడతాను, ఖనిజం రేటు ఎంత వెయ్యాలో ముందు మీరు చెప్పండి, గని ధరా మార్కెట్ ధరా?

జై_అమీర్‌పేట్
హహ మళ్ళీ గని దగ్గరికే వచ్చారు చూశారా

లెక్కలోడు
రెండూ వేసి పెట్టండి. రెండు కాలమ్స్.